వాడలో పోయిన బంగారం బంగారం కాదా?

దొర ఇంట్లో గొలుసు పోతే పోలీసు జీపు ఊరికి వస్తుంది. మన ఇంట్లో పుస్తెలు పోతే మనమే కాళ్లీడ్చుకుంటూ స్టేషనుకు పోవాలి. దొర ఇంట్లో పోయినదానికి మన వాడ కుర్రాళ్లను జీపెక్కిస్తారు. మన ఇంట్లో పోయినదానికీ మన వాడ కుర్రాళ్లనే జీపెక్కిస్తారు. ఈ రెండు జీపుల మధ్య మన బతుకు నలిగిపోతోంది. చట్టం ముందు అందరూ సమానమేనని రాజ్యాంగం పద్నాలుగో అధికరణంలో రాసి ఉంది. ఆ సమానత్వం స్టేషను గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి బయట నిలబడింది.

మేము ఈ మాటలు ఊరికే రాయడం లేదు. మా దగ్గరికి వచ్చిన ఒక అక్క సంగతి చెప్తాం. కర్నూలు జిల్లా పడమటి ఊళ్లలో వానలు లేక, పని లేక, ఏటా వేలమంది గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. ఆ అక్క కూడా పోయింది. చేలో తెగి పడిపోతాయేమోనని పుస్తెలు, గుండ్లు, కమ్మలు తీసి ఇంట్లో రేకు పెట్టెలో పెట్టింది. మెడలో పసుపుతాడు కట్టుకుని లారీ ఎక్కింది. 2025 ఉగాదికి తిరిగి వచ్చేసరికి తాళం పగిలి ఉంది, పెట్టె బోర్లా పడి ఉంది. రెండున్నర తులాల బంగారం, వెండి పట్టీలు, సంఘం లోను కట్టడానికి దాచిన డబ్బు అన్నీ పోయాయి. పదేళ్లు వంగి కోసిన మిరపకాయలు, ఎత్తిన మట్టి తట్టలు, అన్నీ కలిస్తే ఆ రెండున్నర తులాలు.

స్టేషనుకు పోయింది. అక్కడ అడిగిన మొదటి ప్రశ్న "ఎప్పుడు పోయింది?" అని కాదు. "ఎవరి మీద అనుమానం?" అని కూడా కాదు. "ఏమే, కూలికి పోయేదానివి, నీకు రెండున్నర తులాలు ఎక్కడివే?" అని. దొంగ ఎవరో తేలకముందే, సొమ్ము పోగొట్టుకున్న మనిషి దొంగయింది. "బంగారం అని రాస్తే లేనిపోని ప్రశ్నలు వస్తాయి. పట్టీలు, ముక్కుపుడక పోయాయని రాయి. నాలుగు వేలు అని వెయ్యి" అని సలహా ఇచ్చారు. అక్క వేలిముద్ర వేసి వచ్చింది. కాపీ అడిగితే "కేసు తేలాక ఇస్తాంలే పో" అన్నారు.

ఆ నాలుగు వేల అంకె వెనక ఏముందో మనవాళ్లకు తెలియదు. వాళ్లకు బాగా తెలుసు. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 303వ సెక్షను మామూలు దొంగతనం. పోయిన సొమ్ము అయిదు వేల లోపు ఉంటే, అది పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయనక్కర్లేని చిన్న నేరం అయిపోతుంది. ఒక్క అంకె మారిస్తే చాలు, కేసు గాల్లో కలిసిపోతుంది. కానీ ఇంట్లో జరిగిన దొంగతనానికి 303 కాదు పెట్టాల్సింది, 305 పెట్టాలి. మనిషి నివసించే ఇల్లయినా, గుడారమైనా, అందులో దొంగతనం చేస్తే ఏడేళ్ల దాకా శిక్ష. సొమ్ము విలువ ఎంతైనా సరే. గుడారమని చట్టంలోనే ఉంది. మిరప చేల గట్ల మీద పట్టాలు కట్టుకుని ఉండే మన కూలీలు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఇక తాళం పగలగొట్టి, కన్నం వేసి లోపలికి వస్తే 331వ సెక్షను. అదీ దొంగతనం కోసం అయితే పగలు పదేళ్ల దాకా, రాత్రి పద్నాలుగేళ్ల దాకా శిక్ష. ఇంత పెద్ద నేరాన్ని నాలుగు వేల చిల్లర నేరంగా రాయించినవాడు పొరపాటు చేయలేదు. పని తప్పించుకున్నాడు.

ఇక్కడ మన తప్పు కూడా చెప్పుకుందాం. ఇంట్లో వస్తువు పోతే మనలో ఎంతమంది నేరుగా స్టేషనుకు పోతున్నాం? ముందు అంజనం వేసేవాడి దగ్గరికి పోతాం. తమలపాకులో కాటుక రాసి చూసి "దక్షిణం వైపు, నల్లటి మనిషి, తెలిసినవాళ్లే" అంటాడు. మన వాడలో నల్లగా లేనిది ఎవరు? తెలియనివాళ్లు ఎవరు? ఆ సాయంత్రానికి పక్కింటివాళ్లతో జుట్లు పట్టుకుంటాం. గుడి ముందు దీపం ఆర్పి ప్రమాణం చేయమంటాం. సొమ్ము రాదు గానీ, రెండు కొంపల మధ్య మాట పోతుంది. పెద్దకులాల ఇంట్లో సొమ్ము పోతే ఆ అంజనం ఎటు వైపు చూపిస్తుందో మనకు తెలియదా? ఎప్పుడూ వాడ వైపే. మన మీద వాళ్లు ప్రయోగించే పరికరాన్నే మనం మనవాళ్ల మీద ప్రయోగించడం ఇకనైనా మానుకోవాలి. అంజనానికి పోయే మూడు రోజుల్లో దొంగ బంగారాన్ని కరిగించి ముద్ద చేస్తాడు. కరిగిన తర్వాత ఏ పుస్తె ఎవరిదో బ్రహ్మ కూడా చెప్పలేడు.

కాబట్టి ముందు చేయాల్సింది ఏమిటో వరసగా చెప్తాం. ఇది చదువు రానివాళ్లకు చదివి వినిపించండి.

మొదటిది. దొంగతనం జరిగిందని తెలియగానే ఏదీ ముట్టుకోవద్దు, ఊడ్వద్దు, సర్దవద్దు. వేలిముద్రలు, కాలిముద్రలు అక్కడే ఉంటాయి. ఆ రోజే రిపోర్టు ఇవ్వాలి. నోటితో చెప్పినా పోలీసులు రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ఇదే చెప్తోంది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా రిపోర్టు ఇవ్వొచ్చు. "మా పరిధి కాదు" అని తరిమేయడం కుదరదు. గుంటూరులో మిరప కోస్తుండగా ఊళ్లో ఇల్లు దోచారని కబురొస్తే గుంటూరులోనే ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. ఎఫ్‌ఐఆర్ కాపీ పైసా తీసుకోకుండా ఇవ్వాలి. కాపీ లేకుండా స్టేషను మెట్లు దిగొద్దు. మన చేతిలో కాయితం లేకపోతే మన దొంగతనం జరగనట్టే లెక్క.

రెండవది. పోయిన వస్తువుల జాబితా మనమే రాసి ఇవ్వాలి. ఒక్కో వస్తువు పేరు, ఎంత బరువు, ఏ కంసాలి చేశాడు, ఎక్కడ అతుకు పడింది, ఏ రాయి ఊడింది, ఏ అక్షరం చెక్కి ఉంది అన్నీ రాయాలి. బిల్లు లేదు కాబట్టి మీది కాదంటారు. ఈ మాట అబద్ధం. బిల్లు ఉంటే మంచిదే. అదే సర్వస్వం కాదు. పెళ్లి ఫొటోలో మెడలో ఉన్న పుస్తెలు సాక్ష్యమే. చేసిన కంసాలి మాట సాక్ష్యమే. బ్యాంకులో తాకట్టు పెట్టి విడిపించుకున్న రసీదు సాక్ష్యమే. రోజూ చూసిన ఇరుగుపొరుగు మాట కూడా సాక్ష్యమే. మన తాతల కాలంలో మన ఆడవాళ్లు బంగారం పెట్టుకుంటే ఓర్వలేక ఊడబెరికిన ఊళ్లు ఉన్నాయి. ఈ రోజు అదే మాట బిల్లు పేరుతో అడుగుతున్నారు.

మూడవది. రిపోర్టు తీసుకోకపోతే ఏం చేయాలి? ఇలాంటి నేరం గురించి చెప్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013 నవంబరు 12న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లలితా కుమారి కేసులో తేల్చి చెప్పింది. కొత్త చట్టంలో కొన్ని నేరాలకు పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణ అనే కిటికీ తెరిచారు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకే అది. అది కూడా డీఎస్పీ అనుమతి తీసుకున్నాకే. ఇంట్లో చొరబడిన దొంగతనానికి ఏడేళ్లు, ఆపైన ఉంది కాబట్టి ఈ కిటికీ ఇక్కడ పనికిరాదు. అయినా తీసుకోలేదా, జరిగింది రాసి రిజిస్టరు పోస్టులో ఎస్పీకి పంపాలి. రసీదు దాచుకోవాలి. ఎస్పీ కూడా పట్టించుకోకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గర దరఖాస్తు వేయాలి. 175వ సెక్షను కింద దర్యాప్తు చేయమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఎస్పీకి పంపిన కాయితం లేకుండా కోర్టుకు పోతే దరఖాస్తు నిలబడదు. అందుకే మెట్టు మెట్టుగా పోవాలి.

వకీలుకు డబ్బెక్కడిది అంటారా? 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఎస్సీలకు, ఎస్టీలకు, ఏ కులమైనా ఆడవాళ్లకు వకీలు ఉచితం. ఆదాయం ఎంతని అడగకూడదు. ప్రతి జిల్లా కోర్టులో, మండల స్థాయిలో న్యాయ సేవా సంస్థ ఉంది. 15100కు ఫోను చేసినా చెప్తారు. ఇది ఎవరి దయా కాదు, మన హక్కు. వాడుకోకపోతే తుప్పు పడుతుంది.

నాలుగవది, మార్వాడీ కొట్టు, తాకట్టు దుకాణం. దొంగ బంగారం చివరికి చేరేది అక్కడికే. "నేను డబ్బిచ్చి తీసుకున్నాను, ఆ డబ్బు కట్టి తీసుకుపో" అంటాడు. కట్టాల్సిన పని లేదు. దొంగకు లేని హక్కు, దొంగ దగ్గర కొన్నవాడికి రాదు. 1930 వస్తు విక్రయ చట్టం 27వ సెక్షను సారం ఇదే. దొంగసొమ్ము అని తెలిసి, లేదా తెలుసుకోవడానికి కారణం ఉండీ తీసుకుంటే న్యాయ సంహిత 317 కింద వాడూ ముద్దాయే. మన వస్తువు ఫలానా కొట్టులో ఉందని గట్టి సమాచారం ఉంటే, సోదా వారంటు ఇమ్మని 97వ సెక్షను కింద మేజిస్ట్రేటును అడగవచ్చు. క్రిమినల్ కేసు ఒక్కటే దారి కాదు. వస్తువు ఎవరి దగ్గర ఉందో తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు సివిల్ కోర్టులో దావా వేసి వస్తువునే తిరిగి ఇప్పించమని కోరవచ్చు. అయితే సివిల్ దావాకు కాలం పడుతుంది. వస్తువు పోలీసుల చేతికి చిక్కితే దగ్గర దారి వేరే ఉంది. అసలు మోసం అక్కడే జరుగుతోంది కాబట్టి వివరంగా చెప్తాం.

మన అక్క సంగతికే వద్దాం. అయిదు నెలల తర్వాత పక్క జిల్లాలో దొంగల ముఠా దొరికింది. పెద్ద ఆఫీసరు బల్ల మీద బంగారం పరిచి ఫొటో దిగాడు. పేపర్లో ఆ ఫొటో చూసి అక్క తన గుండ్లు గుర్తుపట్టింది. మధ్యలో ఒకటి సొట్టపోయి ఉంది, అదే గుర్తు. పోయి అడిగితే "కోర్టు ప్రాపర్టీ అమ్మా, కేసు కొట్టేసేదాకా రాదు, నాలుగైదేళ్లు పడుతుంది" అన్నారు. మర్నాడు ఒకడు వచ్చి "తులం ఇప్పిస్తాను, మొత్తం ముట్టిందని సంతకం పెట్టు, నీకూ బాధ లేదు మాకూ బాధ లేదు" అన్నాడు. దొంగ రెండున్నర తులాలు దోచాడు. వీడు తులమున్నర దోచడానికి వచ్చాడు. తేడా ఏమిటంటే వీడు తాళం పగలగొట్టలేదు.

ఆ సంతకం ఎవరూ పెట్టొద్దు. ముట్టినదానికే సంతకం. తక్కువ ఇస్తే తక్కువ అని రాయించండి.

కేసు అయ్యేదాకా రాదన్నది పచ్చి అబద్ధం. 2002 అక్టోబరు 1న సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: పట్టుబడిన వస్తువుల్ని స్టేషన్లలో ఏళ్ల తరబడి మగ్గబెట్టొద్దు, పదిహేను రోజుల నుంచి నెల రోజులకు మించి ఉంచొద్దు. బంగారమైతే వివరంగా పంచనామా రాసి, ఫొటోలు తీసి, కోర్టు అడిగినప్పుడు తెస్తామని బాండు, జామీను తీసుకుని సొంతదారుకి ఇచ్చేయాలి. కొత్త సంహిత 497వ సెక్షను గడువులు కూడా పెట్టింది. వస్తువు కోర్టు ముందుకు వచ్చిన పద్నాలుగు రోజుల్లో మేజిస్ట్రేటు దాని వివరాల జాబితా రాయించాలి, ఫొటో గానీ వీడియో గానీ తీయించాలి. ఆ తర్వాత ముప్పై రోజుల్లో ఎవరికి ఇవ్వాలో ఆర్డరు వేయాలి. విచారణలో ఆ ఫొటోలే సాక్ష్యం. పోలీసులు వస్తువును కోర్టు ముందు పెట్టకుండా తమ దగ్గరే ఉంచుకుంటే 503వ సెక్షను కింద దరఖాస్తు వేయాలి. వకీళ్లు దీన్ని ఇంటీరియం కస్టడీ పిటిషను అంటారు. ఎఫ్‌ఐఆర్ కాపీ, మనం ఇచ్చిన జాబితా, ఫొటోలు జతచేసి వేయడమే. ఒక షరతు మాత్రం మరవొద్దు: కేసు అయ్యేదాకా ఆ వస్తువు అమ్మకూడదు, కరిగించకూడదు, రూపం మార్చకూడదు. కోర్టు పిలిస్తే తీసుకుపోయి చూపించాలి.

మరి స్టేషనులో ఉన్న బంగారమే మాయమైతే? అయిన సందర్భం ఉంది. అప్పటి మైసూరు రాష్ట్రంలో ఒక స్త్రీ ఇంట్లో పోయిన నగలు దొరికాయి, పోలీసుల కాపలాలో ఉండగానే మళ్లీ పోయాయి. కింది కోర్టులు మేమేం చేస్తామన్నాయి. 1977లో సుప్రీంకోర్టు, బసవ్వ కేసులో, వస్తువు లేకపోతే దాని విలువ ప్రభుత్వమే కట్టాలని తీర్పు చెప్పింది. కంచె చేను మేస్తే కంచె వేసినవాడు కట్టాలి. ఇది మన వకీళ్లకు గుర్తు చేయండి.

అయిదవది. దొంగ దొరకలేదని కేసు మూసేస్తారు. మనకు చెప్పకుండా మూస్తారు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోపు మనకు తెలపాలని 193వ సెక్షను చెప్తోంది. తెలపకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. కేసు మూసే ముందు ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు నోటీసు ఇచ్చి వాళ్ల మాట వినాలని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు వస్తే నిరసన పిటిషను వేయాలి. ఫలానావాణ్ని విచారించలేదు, ఫలానా కొట్టు సోదా చేయలేదు అని రాయాలి. ఊరుకుంటే మన మౌనాన్నే ఒప్పుదల అని రాసుకుంటారు.

ఇక జీపు మన వాడకు వచ్చినప్పటి సంగతి. 1871లో తెల్లదొరలు కొన్ని కులాల్ని పుట్టుకతోనే దొంగలని చట్టం చేశారు. మన దగ్గర ఎరుకల కుటుంబాల్ని స్టూవర్టుపురంలాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. ఆ చట్టం 1952లో రద్దయింది. రద్దయింది కాయితం మీదే, పోలీసు బుర్రలో ఇంకా అమల్లోనే ఉంది. ఊళ్లో ఏది పోయినా పిల్లల్ని పట్టుకుపోయి లాకప్పులో కొడితే ఇలా చేయండి. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, ఇంటివాళ్లకు తెలపాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. 1996 డి.కె. బసు తీర్పు, రాజ్యాంగం 22వ అధికరణం చెప్పేది ఇదే. విచారణకు సాక్షులుగా రమ్మని ఆడవాళ్లను, పదిహేనేళ్ల లోపు పిల్లల్ని, అరవై దాటిన ముసలివాళ్లను స్టేషనుకు పిలవకూడదు, ఇంటికే రావాలి. ఎస్సీ, ఎస్టీ కానివాడు తప్పుడు సమాచారం ఇచ్చి పోలీసుల చేత మనల్ని వేధింపజేస్తే, అది 1989 అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షను కింద నేరం. ఆ కేసు పెట్టించండి.

మాకు తెలుసు, కొందరు మిత్రులు అడుగుతారు: "ఈ చట్టాలు ఎవరివి? కారంచేడులో, చుండూరులో మనకేం చేశాయి? మళ్లీ వాటి గడపే తొక్కమంటారా?" అని. ఆ ప్రశ్నలో నిజం ఉంది. మేము చట్టాన్ని నమ్మమనడం లేదు. చట్టాన్ని వదలొద్దంటున్నాం. మనం వదిలేసిన ప్రతి కాయితమూ వాళ్లు మన మీద రాసుకోవడానికి ఖాళీగా పనికొస్తుంది. రెండున్నర తులాలు చిన్న విషయమని, భూమి సమస్య ముందని అనేవాళ్లూ ఉన్నారు. భూమి లేని మనిషికి ఆ రెండున్నర తులాలే భూమి. పిల్లకు జ్వరమొస్తే అదే ఆస్పత్రి, కొడుకు ఫీజుకు అదే బ్యాంకు, మొగుడు పోతే అదే పింఛను.

ఆ అక్క సంతకం పెట్టలేదు. మేము తోడు పోయాం. ముందు ఎస్పీకి రిజిస్టరు పోస్టు పంపాం. సెక్షన్లు మార్చి, అసలు జాబితా కేసులో చేర్చారు. ఉచిత వకీలు పిటిషను వేశాడు. పెళ్లి ఫొటో, కంసాలి మాట, సొట్టపోయిన గుండు కోర్టులో నిలబడ్డాయి. కమ్మలు కరిగిపోయాయి, డబ్బు రాలేదు. పుస్తెలు, గుండ్లు, పట్టీలు వచ్చాయి. బాండు రాసి బయటికొచ్చి, కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద, పసుపుతాడుకు పుస్తెలు గుచ్చుకుని మెడలో వేసుకుంది. "ఎక్కడివే అని అడిగినాయనకు ఒకసారి చూపించి పోదాం పదండన్నా" అంది. చూపించే వచ్చాం.

ప్రతి వాడలో ఇద్దరు చదువుకున్న పిల్లలు ఈ పని నేర్చుకోవాలి. వలస పోయే ముందు ప్రతి ఇంట్లో ఉన్న వస్తువుల జాబితా రాసి, ఫోనులో ఫొటోలు తీసి పెట్టాలి. స్టేషనుకు ఎవరూ ఒంటరిగా పోవద్దు, నలుగురు కలిసి పోవాలి. ఒక్కరు పోతే "ఏమే" అంటారు. నలుగురు పోతే కుర్చీ చూపిస్తారు. నలభై మంది పోతే ఎఫ్‌ఐఆర్ కాపీ ఇస్తారు.

జై భీమ్!